ఈనిన పాడి పశువుల్లో ఎండోమెట్రైటిస్: కణస్థాయి మార్పులు, వంధ్యత్వంతో వాటి సంబంధం

పాడి పరిశ్రమలో లాభనష్టాలను చాలావరకు నిర్ణయించేది ఈతకూ ఈతకూ మధ్య గల వ్యవధి. ఆవు చూడికాలం సుమారు 280 రోజులు, గేదె చూడికాలం సుమారు 310 రోజులు. ఏడాదికొక దూడ కావాలంటే ఆవు ఈనిన 85 రోజులలోగా తిరిగి చూడి కట్టాలి. గేదె విషయంలో 13 నెలల ఈత వ్యవధిని లక్ష్యంగా పెట్టుకున్నా చూడి నిలవడానికి మిగిలేది ఇంచుమించు అన్ని రోజులే. ఎదకు వచ్చిన ప్రతిసారీ చూడి నిలవకపోతే 21 రోజులు గడచిపోతాయి. మూడుసార్లు తప్పితే రెండు నెలలకు పైబడిన మేత, దాణా, శ్రమ వృథా అవుతాయి.

అనేక సందర్భాలలో పశువు క్రమం తప్పకుండా ఎదకు వస్తుంది. తీగలు స్వచ్ఛంగా కనిపిస్తాయి. సకాలంలో కృత్రిమ గర్భోత్పత్తి కూడా జరుగుతుంది. అయినా మూడు వారాలకు పశువు తిరిగి పొర్లుతుంది. రైతు వీర్యం నాణ్యతను శంకిస్తాడు, లేదా సూది వేసిన వ్యక్తిని తప్పుపడతాడు, చివరకు పశువు గొడ్డుపోయిందని భావించి సంతకు తోలుతాడు. ఇటువంటి పశువులలో కొన్నింటికి అసలు కారణం గర్భాశయపు లోపలి పొరలో, కంటికి కనిపించని కణాల స్థాయిలో ఉంటుంది. ఆ నష్టానికి బీజం పడేది సూది వేసిన రోజున కాదు, పశువు ఈనిన తొలి మూడు వారాలలో. ఈ విషయాన్ని కణజీవశాస్త్రం ఎలా వివరిస్తున్నదో, దాని ఆధారంగా రైతు, పశువైద్యుడు ఏ దశలో జాగ్రత్త వహించాలో ఈ వ్యాసం తెలియజేస్తుంది.

పేర్లలో పోలిక, వ్యాధులలో తేడా

గర్భాశయపు లోపలి పొరను ఎండోమెట్రియం అంటారు. ఈ పొరకు సంబంధించిన రెండు వ్యాధుల పేర్లు వినడానికి ఒకేలా ఉండడం వలన తికమక కలుగుతుంది. ఎండోమెట్రియోసిస్ ప్రధానంగా స్త్రీలలో వచ్చే వ్యాధి. ఇందులో గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల, అనగా అండాశయాల మీద, ఉదరకుహరపు పొర మీద పెరుగుతుంది. రుతుస్రావం గల మానవులు, కొన్ని జాతుల కోతులలోనే ఇది సహజంగా కనిపిస్తుంది. ఆవు, గేదెలలో రుతుస్రావం ఉండదు.

పాడి పశువులలో కనిపించేది ఎండోమెట్రైటిస్. ఇందులో కణజాలం తన స్థానంలోనే ఉంటుంది, కాని సూక్ష్మజీవుల వలన శోథకు గురవుతుంది. శోథ అంటే హాని కలిగిన చోటికి రక్తప్రసరణ పెరిగి, తెల్ల రక్తకణాలు చేరి, వాపు ఏర్పడే శరీర రక్షణ ప్రక్రియ. కారణాలు వేరైనా ఈ రెండు వ్యాధులకు ఒక ముఖ్యమైన పోలిక ఉన్నది. రెండింటిలోనూ సమసిపోవలసిన శోథ సమసిపోకుండా కొనసాగుతుంది, ప్రోస్టాగ్లాండిన్ల సమతుల్యత దెబ్బతింటుంది, అండం విడుదలవుతున్నా గర్భం నిలవడం కష్టమవుతుంది.

ఈనిన తరువాత గర్భాశయంలో జరిగే మరమ్మతు

ఎండోమెట్రియంలో రెండు ప్రధాన భాగాలు ఉంటాయి. పైభాగాన ఒకే వరుసలో స్తంభాకార కణాలతో ఏర్పడిన ఉపకళ ఉంటుంది. దాని కింద ఆధార కణజాలమైన స్ట్రోమా ఉంటుంది. ఉపకళ అక్కడక్కడ లోపలికి ముడుచుకొని గర్భాశయ గ్రంథులుగా మారుతుంది. వీటితోపాటు ఆవు, గేదె గర్భాశయంలో కారంకుల్స్ అనే గుబ్బలు ఉంటాయి. చూడికాలంలో మాయ వీటికే అతుక్కొని దూడకు పోషణ అందిస్తుంది.

ఈత సమయంలో మాయ ఈ గుబ్బల నుండి విడిపోతుంది. సాధారణంగా 12 గంటలలోపు అది బయటకు వచ్చేస్తుంది. మాయ విడిన తరువాత గుబ్బల ఉపరితలం పచ్చిపుండు వలె మిగులుతుంది. సుమారు 12 రోజులలో ఆ పైభాగం కుళ్ళి ఊడిపోయి మైలతో కలిసి బయటకు పోతుంది. పక్కనున్న గ్రంథుల వద్ద మిగిలిన ఉపకళా కణాలు విభజన చెందుతూ ఆ ప్రదేశాన్ని కప్పుతాయి. సుమారు 25 రోజులకు ఉపరితలం మూసుకుంటుంది. లోతైన కణజాలం పూర్తిగా కోలుకోవడానికి 6 నుండి 8 వారాలు పడుతుంది. ఇదే సమయంలో, ఈనినప్పుడు సుమారు 9 కిలోల బరువున్న ఆవు గర్భాశయం నెల రోజులలో ఒక కిలోకు కుదించుకుపోతుంది. శరీరంలోని మరే అవయవంలోనూ ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద మార్పు అరుదుగా జరుగుతుంది.

ఈ మరమ్మతు సూక్ష్మజీవుల మధ్యనే జరగవలసి ఉండడం పాడి పశువుల ప్రత్యేకత. ఈత సమయంలో గర్భాశయ ద్వారం తెరచుకొని ఉంటుంది. పేడ, మట్టి, పశువు చర్మం మీది సూక్ష్మజీవులు లోనికి ప్రవేశిస్తాయి. ఈనిన తొలి రెండు వారాలలో పరీక్షిస్తే దాదాపు అన్ని ఆవుల గర్భాశయంలోనూ బాక్టీరియా కనిపిస్తుంది. కాబట్టి బాక్టీరియా ఉన్నంత మాత్రాన అది వ్యాధి కాదు. ఎక్కువ పశువులు వాటిని తమంతట తామే తొలగించుకుంటాయి. తొలగించుకోలేని పశువులలోనే వ్యాధి స్థిరపడుతుంది.

కణాలు శత్రువును గుర్తించే విధానం

గర్భాశయ వ్యాధులలో తరచుగా కనిపించే బాక్టీరియాలో ఎషెరిషియా కోలై, ట్రూపెరెల్లా పయోజెనిస్, ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరం ముఖ్యమైనవి. సాధారణంగా తొలి రోజులలో ఎషెరిషియా కోలై ముందుగా స్థిరపడి మిగిలిన వాటికి దారి సుగమం చేస్తుంది. తరువాత ట్రూపెరెల్లా, గాలి అవసరం లేని ఇతర బాక్టీరియాతో కలిసి చీమును, కణజాల నష్టాన్ని పెంచుతుంది.

ఎషెరిషియా కోలై బాహ్యపొరలో లిపోపాలిసాకరైడ్ అనే పదార్థం ఉంటుంది. దీనినే ఎండోటాక్సిన్ అని కూడా వ్యవహరిస్తారు. దీనిని గుర్తించే గ్రాహకం టోల్ లైక్ రిసెప్టర్ 4. ఈ గ్రాహకాలు తెల్ల రక్తకణాలకే పరిమితమని మొదట భావించేవారు. కాని ఎండోమెట్రియంలోని ఉపకళా కణాలు, స్ట్రోమా కణాలు కూడా వీటిని కలిగి ఉన్నాయని పరిశోధనలు నిరూపించాయి. అనగా గర్భాశయపు లోపలి పొర పిండానికి పరుపు మాత్రమే కాదు, అది కాపలాదారు కూడా.

ఎండోటాక్సిన్ గ్రాహకాన్ని తాకగానే కణం లోపల సంకేతాలు వరుసగా కదులుతాయి. ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్ కణద్రవ్యం నుండి కేంద్రకంలోకి చేరి శోథకు సంబంధించిన జన్యువులను మేల్కొలుపుతుంది. ఫలితంగా ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా, ఇంటర్‌ల్యూకిన్ 6, ఇంటర్‌ల్యూకిన్ 8 వంటి సంకేత ప్రోటీన్లు విడుదలవుతాయి. వీటిలో ఇంటర్‌ల్యూకిన్ 8 న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలను రక్తనాళాల నుండి గర్భాశయంలోకి ఆకర్షిస్తుంది. న్యూట్రోఫిల్లు బాక్టీరియాను మింగి, ఆక్సిజన్ సంబంధిత విషపదార్థాలతోను, ఎంజైములతోను నాశనం చేస్తాయి. ఈ పోరాటంలో అవి కూడా మరణిస్తాయి. మరణించిన న్యూట్రోఫిల్లు, బాక్టీరియా, కణశిథిలాలు కలిసినదే చీము. ఆరోగ్యవంతమైన పశువులో బాక్టీరియా తొలగగానే ఈ సంకేతాలు తగ్గి, కణజాలం మామూలు స్థితికి చేరుకుంటుంది.

ట్రూపెరెల్లా హాని చేసే తీరు భిన్నమైనది. ఇది పయోలైసిన్ అనే విషాన్ని స్రవిస్తుంది. ఈ విషం కణత్వచంలోని కొలెస్టరాల్‌కు అతుక్కొని అక్కడ రంధ్రాలు చేస్తుంది. ఆ రంధ్రాల గుండా కణంలోని పొటాషియం బయటకు కారిపోయి కణం చనిపోతుంది. ఉపకళా కణాల కంటే స్ట్రోమా కణాలు ఈ విషానికి త్వరగా లొంగిపోతాయి. ప్రయోగశాలలో స్ట్రోమా కణాల కొలెస్టరాల్‌ను తగ్గించినపుడు ఈ నష్టం తగ్గడం గమనించారు. దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. ఉపకళ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం అది కింది కణాలకు కవచం. ఈనిన తరువాత ఆ కవచం సహజంగానే కొంత తొలగి ఉంటుంది. కష్టపు ఈత, మాయను బలవంతంగా లాగడం వంటి వాటి వలన అది మరింత చిరిగిపోయినపుడు, లోపలి స్ట్రోమా పయోలైసిన్‌కు నేరుగా గురవుతుంది.

కనిపించే వ్యాధి, కనిపించని వ్యాధి

ఈనిన 21 రోజులలోపు గర్భాశయం అసాధారణంగా పెద్దదై, దుర్వాసనతో కూడిన ఎర్రని లేదా గోధుమరంగు పలుచని స్రావం, 39.5 డిగ్రీల సెల్సియస్‌కు మించిన జ్వరం ఉంటే దానిని ఈతానంతర మెట్రైటిస్ అంటారు. ఇది గర్భాశయ గోడ మొత్తానికి సంబంధించినది, ప్రాణాపాయం కలిగించగలదు. 21 రోజుల తరువాత జ్వరం లేకుండా యోనిలో చీముతో కూడిన స్రావం కనిపిస్తే దానిని లక్షణాలు గల ఎండోమెట్రైటిస్‌గా పరిగణిస్తారు.

మూడవది ఉపలక్షణ ఎండోమెట్రైటిస్. ఇందులో చీము కనిపించదు, జ్వరం ఉండదు, మేత తగ్గదు. గర్భాశయ ఉపరితలం నుండి సేకరించిన కణాలను సూక్ష్మదర్శినితో చూసినప్పుడే బయటపడుతుంది. ఆవులలో విస్తృతంగా పాటించే ప్రమాణం ప్రకారం, ఈనిన 21 నుండి 33 రోజుల మధ్య లెక్కించిన కణాలలో న్యూట్రోఫిల్లు 18 శాతానికి మించినా, 34 నుండి 47 రోజుల మధ్య 10 శాతానికి మించినా ఈ వ్యాధి ఉన్నట్లు నిర్ధారిస్తారు. ఈ దశలో బాక్టీరియా తొలగిపోయి ఉండవచ్చు కూడా. అయినా కాపలా కణాలు వెనుదిరగకుండా అక్కడే ఉండిపోవడం ఈ వ్యాధి లక్షణం. రైతు దృష్టికి ఆరోగ్యంగా కనిపిస్తూ పదేపదే పొర్లే పశువులలో దీనిని అనుమానించవలసి ఉంటుంది.

వంధ్యత్వానికి దారితీసే మార్గాలు

శోథ వలన గర్భధారణ నాలుగు చోట్ల దెబ్బతింటుంది.

మొదటిది శుక్రకణాలు, తొలి పిండం ఎదుర్కొనే వాతావరణం. శోథ గల గర్భాశయంలో న్యూట్రోఫిల్లు, వాటి ఎంజైములు, సంకేత ప్రోటీన్లు నిండి ఉంటాయి. ఇది శుక్రకణాల కదలికకు అనుకూలం కాదు. ఫలదీకరణం అండవాహికలో జరిగినా, 4 లేదా 5 రోజులకు పిండం గర్భాశయంలోకి దిగుతుంది. అప్పటి నుండి అది గోడకు అతుక్కునే వరకు, అనగా దాదాపు రెండు వారాల పాటు గ్రంథుల స్రావమే దానికి ఆహారం. గ్రంథులు దెబ్బతిన్న గర్భాశయంలో ఆ ఆహారం కొరవడుతుంది.

రెండవది తల్లి శరీరం చూడిని గుర్తించే ప్రక్రియ. ఆవులో పిండం సుమారు 16వ రోజుకు దారం వలె పొడవుగా సాగి, ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ను స్రవిస్తుంది. ఇది గర్భాశయ ఉపకళలో ఆక్సిటోసిన్ గ్రాహకాలు పెరగకుండా ఆపుతుంది. దానివలన ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్ 2 ఆల్ఫా అలలుగా విడుదల కాదు. అండాశయంలోని కార్పస్ లూటియం నిలిచి, చూడిని కాపాడే ప్రొజెస్టిరాన్‌ను ఇస్తూనే ఉంటుంది. పోషణ లేక ఎదగని పిండం తగినంత ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేయలేదు. అప్పుడు తల్లి శరీరం చూడి లేనట్లే భావించి కార్పస్ లూటియంను కరిగించివేస్తుంది. సరిగ్గా 21 రోజులకు పశువు తిరిగి ఎదకు వస్తుంది. ఫలదీకరణమే జరగలేదని రైతు భావిస్తాడు. వాస్తవానికి పిండం ఏర్పడి, రెండు వారాలలోపే నశించి ఉండవచ్చు. 25 రోజులు దాటి తిరిగి పొర్లిన పశువులో పిండం మరికొంత కాలం జీవించి నశించి ఉండవచ్చు. ఈ కారణంగా పొర్లిన తేదీలను రాసిపెట్టుకోవడం వ్యాధి నిర్ధారణకు విలువైన ఆధారం.

మూడవది ప్రోస్టాగ్లాండిన్ల తారుమారు. ఆరోగ్యవంతమైన ఎండోమెట్రియం ఎక్కువగా ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్ 2 ఆల్ఫాను తయారుచేస్తుంది. ఇది కార్పస్ లూటియంను కరిగించి పశువును ఎదకు తెస్తుంది. ఎండోటాక్సిన్‌కు గురైన ఎండోమెట్రియం కణాలు దానికి బదులుగా ప్రోస్టాగ్లాండిన్ ఇ 2 ను అధికంగా తయారుచేస్తాయి. ఇది కార్పస్ లూటియంను నిలబెట్టే స్వభావం గలది. దీనివలన చూడి లేకుండానే కార్పస్ లూటియం నిలిచిపోయి పశువు ఎదకు రాదు. పైగా ప్రొజెస్టిరాన్ గర్భాశయపు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, గర్భాశయ ద్వారాన్ని మూసి ఉంచుతుంది. చీము బయటకు పోయే దారి లేక లోపలే పేరుకుపోతే పయోమెట్రా అనే తీవ్ర స్థితి ఏర్పడుతుంది.

నాలుగవది అండాశయం మీది ప్రభావం. గర్భాశయంలో ఉన్న వ్యాధి అక్కడితో ఆగదు. ఎండోటాక్సిన్ వలన మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీల నుండి వెలువడే హార్మోన్ల క్రమం మందగించి, అండం విడుదల ఆలస్యమవుతుంది. ఎండోమెట్రైటిస్ గల ఆవుల అండపుటికల ద్రవంలో ఎండోటాక్సిన్ చేరినట్లు కూడా గుర్తించారు. ఆరోగ్యవంతమైన పుటిక లోపల తెల్ల రక్తకణాలు ఉండవు. అక్కడి గ్రాన్యులోసా కణాలే టోల్ లైక్ రిసెప్టర్ 4 ద్వారా ఎండోటాక్సిన్‌ను గుర్తించి శోథ సంకేతాలను విడుదల చేస్తాయి. ఆ ప్రయత్నంలో ఈస్ట్రడయోల్ తయారుచేసే తమ అసలు పని తగ్గుతుంది. పుటికలు నెమ్మదిగా పెరుగుతాయి, ఎద లక్షణాలు బలహీనపడతాయి. సహజంగానే మూగ ఎద ఎక్కువగా కనిపించే గేదెలలో ఇది మరింత నష్టం కలిగిస్తుంది.

వ్యాధి తగ్గిన తరువాత కూడా మిగిలే నష్టం

గర్భాశయం శుభ్రపడిన తరువాత కూడా కొన్ని పశువులు నెలల తరబడి చూడి కట్టకపోవడం చాలాకాలం అంతుబట్టని విషయం. దీనికి అండం పెరుగుదల కాలం కొంత సమాధానం ఇస్తుంది. అండాశయంలో నిద్రాణంగా ఉన్న ఒక పుటిక మేల్కొని, పెరిగి, అండాన్ని విడుదల చేయడానికి మూడు, నాలుగు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈనిన 90వ రోజున విడుదలయ్యే అండం, పశువు ఈనిన రోజులలో తొలి పెరుగుదల దశలో ఉన్నదే. ఆ సమయంలో శరీరంలో ఎండోటాక్సిన్, శోథ సంకేతాలు, పోషకాహార లోపం ఉంటే వాటి ప్రభావం ఆ అండం మీద పడుతుంది. గర్భాశయంలోని పుండు మానినా, ఆ రోజులలో పెరిగిన అండం నాణ్యత తగ్గి ఉండవచ్చు.

దీని నుండి రెండు పాఠాలు తెలుస్తున్నాయి. మొదటిది, ఒకటి రెండుసార్లు పొర్లినంత మాత్రాన పశువు శాశ్వతంగా గొడ్డుపోయినట్లు కాదు. వ్యాధి పూర్తిగా తగ్గి, ఆరోగ్యకరమైన రోజులలో పెరిగిన పుటికలు వంతుకు వచ్చేసరికి కొన్ని పశువులు తిరిగి చూడి కడతాయి. రెండవది, మూడవ నెలలో కనిపించే సమస్యకు నివారణ మూడవ నెలలో కాదు, ఈతకు ముందు, ఈనిన వెంటనే మొదలు కావాలి.

పోషణకూ రోగనిరోధక శక్తికీ గల ముడి

ఒకే కొట్టంలో, ఒకే సూక్ష్మజీవుల మధ్య ఈనిన రెండు పశువులలో ఒకటి కోలుకొని మరొకటి వ్యాధిగ్రస్తం కావడానికి పోషణ ఒక ప్రధాన కారణం. ఈతకు దగ్గరపడిన పశువు మేత తగ్గిస్తుంది. ఈనిన వెంటనే పాల దిగుబడి వేగంగా పెరుగుతుంది. తిన్న మేత నుండి లభించే శక్తి పాలకు, శరీరానికి చాలదు. ఆ లోటును పూడ్చడానికి శరీరంలోని కొవ్వు కరిగి కొవ్వు ఆమ్లాలుగా, కీటోన్ పదార్థాలుగా రక్తంలో చేరుతుంది. ఇవి అధికమైనపుడు న్యూట్రోఫిల్లు బాక్టీరియాను చంపే సామర్థ్యం తగ్గుతుంది. అవి గర్భాశయంలోకి చేరినా తమ పని సక్రమంగా చేయలేవు.

కాల్షియం లోపం కూడా ఇటువంటిదే. గర్భాశయ కండరాలు సంకోచించడానికి, న్యూట్రోఫిల్లు చురుకుగా పనిచేయడానికి కాల్షియం అవసరం. పాలజ్వరం లక్షణాలు బయటపడకపోయినా రక్తంలో కాల్షియం తగ్గిన పశువులలో మాయ నిలవడం, గర్భాశయ వ్యాధులు ఎక్కువగా కనిపిస్తాయి. సెలీనియం, విటమిన్ ఇ లోపించిన పశువులలో కూడా మాయ నిలిచే అవకాశం పెరుగుతుంది.

నిర్ధారణ పద్ధతులు

చేతితో పురీషనాళం ద్వారా గర్భాశయాన్ని తాకి చూడడం వలన మాత్రమే ఎండోమెట్రైటిస్‌ను కచ్చితంగా నిర్ధారించలేరు. ఈనిన మూడు వారాలు దాటిన తరువాత శుభ్రమైన తొడుగు వేసుకున్న చేతితో గాని, కడ్డీ చివర రబ్బరు గిన్నె గల పరికరంతో గాని యోనిలోని స్రావాన్ని తీసి పరిశీలించాలి. స్వచ్ఛమైన తీగ, చీము నలుసులు గల తీగ, సగానికి తక్కువ చీము గల స్రావం, సగం లేదా అంతకు మించి చీము గల స్రావం అని నాలుగు స్థాయిలుగా దానిని వర్గీకరిస్తారు.

ఉపలక్షణ వ్యాధిని అనుమానించినపుడు గ్రామస్థాయిలో ఉపయోగపడేది వైట్ సైడ్ పరీక్ష. ఎదలో సేకరించిన తీగకు సమాన పరిమాణంలో 10 శాతం కాస్టిక్ సోడా ద్రావణాన్ని కలిపి, మరిగే వరకు వేడిచేసి చల్లార్చాలి. తెల్ల రక్తకణాలు అధికంగా ఉంటే మిశ్రమం పసుపు రంగుకు మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే శోథ అంత ఎక్కువగా ఉన్నట్లు భావిస్తారు. వసతి ఉన్నచోట సన్నని బ్రష్‌తో గర్భాశయ కణాలను సేకరించి న్యూట్రోఫిల్ల శాతాన్ని లెక్కించడం మరింత నమ్మదగిన పద్ధతి.

చికిత్సలో పాటించవలసిన వివేకం

కార్పస్ లూటియం ఉన్న పశువులో ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్ 2 ఆల్ఫా ఇంజెక్షన్ ఉపయోగపడుతుంది. ఇది ప్రొజెస్టిరాన్‌ను తగ్గించి పశువును ఎదకు తెస్తుంది. గర్భాశయ ద్వారం తెరచుకొని, కండరాలు సంకోచించి, చీము బయటకు పోతుంది. ఎద దశలో రోగనిరోధక శక్తి కూడా మెరుగవుతుంది. అయితే చూడి పశువుకు ఇస్తే గర్భస్రావం జరుగుతుంది కనుక చూడి లేదని పశువైద్యుడు నిర్ధారించిన తరువాతనే వాడాలి. ఈ మందు చర్మం ద్వారా కూడా శరీరంలోకి ఇంకుతుంది. గర్భిణులు, ఉబ్బసం గలవారు దీనిని తాకరాదు.

జ్వరం, దుర్వాసన గల మెట్రైటిస్‌లో యాంటీబయాటిక్ చికిత్స ఆలస్యం చేయరాదు. కాని తీగ స్వచ్ఛంగా ఉన్న ప్రతి పొర్లే పశువుకూ గర్భాశయంలోకి యాంటీబయాటిక్ ఎక్కించడం సరికాదు. బాక్టీరియా లేని శోథకు దానివలన ప్రయోజనం ఉండదు. మందుల అవశేషాలు పాలలో చేరుతాయి, మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది. యాంటీబయాటిక్ వాడినపుడు నిర్దేశించిన గడువు వరకు ఆ పాలను అమ్మరాదు. గాఢమైన అయోడిన్ వంటి ఘాటు ద్రావణాలను గర్భాశయంలోకి ఎక్కించడం వలన కవచంగా ఉన్న ఉపకళ కాలిపోతుంది. వ్యాధిని తగ్గించే ప్రయత్నమే గ్రంథులకు గాయమవుతుంది.

ఈతకు ముందు, ఈనిన తరువాత జాగ్రత్తలు

ఈతకు సుమారు 60 రోజుల ముందు పాలు వట్టిపోయేలా చేసి, పశువుకు సమతుల దాణా, ఖనిజ లవణ మిశ్రమం అందించాలి. ఈనేనాటికి పశువు మరీ చిక్కిపోకుండా, మరీ కొవ్వెక్కకుండా ఉండాలి. ఈతకు ముందు మూడు వారాలలో మేత తినడం తగ్గితే దానిని వ్యాధికి తొలి హెచ్చరికగా గుర్తించాలి. ఈనే చోటు పొడిగా, శుభ్రంగా, కొత్త వరిగడ్డి పరచి ఉండాలి.

కష్టపు ఈతలో చేతులు కడుక్కోకుండా గర్భాశయంలో చేయి పెట్టరాదు. మాయ 12 గంటలు దాటినా పడకపోతే పశువైద్యుని సంప్రదించాలి. వేలాడే మాయకు బరువు కట్టడం, బలవంతంగా లాగడం మానాలి. అలా లాగినపుడు గుబ్బలు చిరిగి, పయోలైసిన్‌కు దారి తెరచుకుంటుంది. మాయ నిలవడానికి, చూడి చివరి నెలల్లో ఈసుకుపోవడానికి బ్రూసెల్లోసిస్ కూడా ఒక కారణం. ఇది మనుషులకు సోకే వ్యాధి. కొట్టం పనులలో ఎక్కువ భాగం మహిళలే చేస్తారు గనుక మాయను, మైలను ఒట్టి చేతులతో తాకకుండా తొడుగులు వాడాలి, మాయను లోతుగా పూడ్చిపెట్టాలి. 4 నుండి 8 నెలల వయసు గల పెయ్యలకు, పడ్డలకు ఒకేసారి వేసే బ్రూసెల్లా టీకా 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద లభిస్తున్నది.

ఈనిన తరువాత పది రోజుల పాటు పశువు ఉష్ణోగ్రత, మేత, స్రావం వాసన గమనించాలి. మైల ఆగే వరకు గేదెలను మురికి మడుగులలోకి దించరాదు. 21 నుండి 35 రోజుల మధ్య ఒకసారి గర్భాశయ పరీక్ష చేయించడం ఉత్తమం. చూడి కట్టించే సమయం రాకముందే వ్యాధిని గుర్తించి చికిత్స చేయడానికి ఇది సరైన దశ. ఎదలో లేని పశువుకు కృత్రిమ గర్భోత్పత్తి చేయరాదు. ప్రొజెస్టిరాన్ ప్రభావంలో ఉన్న గర్భాశయంలోకి గొట్టంతోపాటు సూక్ష్మజీవులు చేరితే అది వాటిని ఎదుర్కొనలేదు. గోపాలమిత్రలు ప్రతి పశువుకు కొత్త తొడుగు వాడడం, తీగలో చీము నలుసులు కనిపిస్తే సూది వేయకుండా పశువైద్యుని వద్దకు పంపడం అవసరం.

ముగింపు

ఈనిన పశువు గర్భాశయం ఏకకాలంలో గాయాన్ని మాన్పుకుంటూ, సూక్ష్మజీవులతో పోరాడుతూ, తరువాతి చూడికి సిద్ధమవుతుంది. ఈ మూడు పనులనూ చేసేది ఒకే పొరలోని కణాలు. శోథ సకాలంలో మొదలై సకాలంలో ముగిస్తే అది రక్షణ. ముగియకపోతే పిండానికి పోషణ కరవవుతుంది, హార్మోన్ల క్రమం తప్పుతుంది, పెరుగుతున్న అండం కూడా దెబ్బతింటుంది. పదేపదే పొర్లే పశువును అమ్మివేసే ముందు రైతు దాని ఈత తేదీ, మాయ పడిన సమయం, తొలి వారాల స్రావం, పొర్లిన తేదీలు పశువైద్యునికి తెలియజేయాలి. ఈ నాలుగు వివరాలు రాసిపెట్టుకున్న రైతు, తన పశువు గొడ్డుదో కాదో తేల్చుకోవడానికి అవసరమైన సాక్ష్యంలో సగం ముందే సిద్ధం చేసుకున్నట్లు.